పెద్దవాళ్ల చేతి నిలకడకు పన్నెండు వారాల సాధన: నా అనుభవం

"చెయ్యి వణుకుతోందండీ, ఈమధ్య మతిమరుపు కూడా ఎక్కువైంది, ఏదైనా ఎక్సర్‌సైజ్ చెప్పండి" అని వచ్చే పెద్దవాళ్లకు మొదటి రోజు నేను ఏ వ్యాయామమూ చెప్పను. ఇంట్లో వాడే మందులన్నీ ఒక సంచిలో వేసుకుని రమ్మంటాను. బీపీ, షుగర్ మాత్రలతో పాటు గ్యాస్‌కు వేసుకునేవి, కళ్లు తిరిగితే వేసుకునేవి, ఆయాసానికి పీల్చేవి, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నవి, అన్నీ. ఫిజియోథెరపీ దగ్గర మందుల సంగతెందుకని కొందరు విసుక్కుంటారు. వణుకు ఎక్కణ్నుంచి వస్తోందో తేలకుండా మొదలుపెట్టిన సాధన చాలాసార్లు గంగలో పోసినట్టే అవుతుంది.

సంచి తెరవగానే నేను వెతికే పేరు లెవోసల్పిరైడ్. కడుపు ఉబ్బరం అంటే ప్యాంటొప్రజోల్‌తోనో రాబెప్రజోల్‌తోనో కలిపి ఒకే క్యాప్సూల్‌గా రాస్తుంటారు. కొన్నాళ్ల కోసం రాసిన చీటీ మీదే ఏళ్ల తరబడి కొనుక్కుంటూ ఉంటారు. ఈ మందు మెదడులో కదలికలను నడిపించే డోపమైన్ అనే రసాయనం పనికి అడ్డుపడుతుంది. పెద్ద వయసులో అచ్చం పార్కిన్‌సన్స్ జబ్బులాగే నడక నెమ్మదించడం, ఒళ్లు బిగుసుకోవడం, చెయ్యి వణకడం తెచ్చిపెట్టగలదు. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్, కళ్లు తిరగడానికిచ్చే సిన్నరిజైన్, ప్రోక్లోర్‌పెరజైన్, మైగ్రేన్‌కిచ్చే ఫ్లునరిజైన్ కూడా ఇదే కోవలోవి. ఆయాసానికిచ్చే సాల్బుటమాల్, థియోఫిలిన్, మానసిక జబ్బులకిచ్చే లిథియం, మూర్ఛకిచ్చే వాల్ప్రోయేట్ తెచ్చే వణుకు వేరు. చేతులు ముందుకు చాపినప్పుడు వేళ్లు సన్నగా అదురుతాయి. మందు ఆపమని నేను చెప్పను, అది నా పని కాదు. ఏ మందు, ఎన్నాళ్లుగా, రోజుకెన్ని అని ఒక కాగితం మీద రాసి, రాసిన డాక్టరుకు చూపించమని పంపుతాను. డాక్టరు ఆపినా వణుకు మర్నాడే పోదు. వారాలు పడుతుంది, కొందరికి నెలలు. ఆ లోపల కొలిచిన కొలతలకు అర్థం ఉండదు కాబట్టి అప్పటిదాకా కాళ్ల వ్యాయామాలు మాత్రమే చేయిస్తాను.

రక్తపరీక్షల్లో రెండు తప్పకుండా చూసి రమ్మంటాను: థైరాయిడ్ తేల్చే టీఎస్‌హెచ్, విటమిన్ బీ12. థైరాయిడ్ ఎక్కువైతే చేతులు వణుకుతాయి, తక్కువైతే మతి మందగిస్తుంది. శాకాహారులకు, ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకు బీ12 పడిపోయే అవకాశం ఎక్కువ. అది పడిపోతే పాదాల స్పర్శ, నడక, జ్ఞాపకం మూడూ దెబ్బతింటాయి. సూదిమందుతో సర్దుకునే దానికి బంతి నొక్కిస్తూ కూర్చోవడం అన్యాయం.

తర్వాత చేతులు చూడటం. ముందు ఒళ్లో వదులుగా పెట్టుకుని కూర్చోమంటాను. ఆ పైన 100 నుంచి మూడు మూడు తీసేస్తూ వెనక్కి లెక్కపెట్టమంటాను. ధ్యాస లెక్క మీదికి పోగానే ఒక చేతి బొటనవేలూ చూపుడువేలూ మాత్ర నలుపుతున్నట్టు కదలడం మొదలుపెడితే, అది విశ్రాంతిలో వచ్చే వణుకు. పార్కిన్‌సన్స్‌లో ఉండేది ఇదే, సెకనుకు 4 నుంచి 6 సార్లు, మొదట్లో ఒక పక్కనే. చేతులు చాపినప్పుడు, ముఖ్యంగా నిండు గ్లాసు నోటి దాకా తెచ్చేటప్పుడు రెండు చేతులూ వణికితే ఎసెన్షియల్ ట్రెమర్, అంటే పని చేసేటప్పుడు వచ్చే వణుకు జబ్బు, అని అనుమానించాలి. "మా నాన్నకీ ఇలాగే ఉండేదమ్మా" అనే మాట ఇక్కడ తరచుగా వినపడుతుంది, ఎందుకంటే చాలా కుటుంబాల్లో ఇది వంశపారంపర్యం. వేలు గమ్యానికి దగ్గరయ్యేకొద్దీ ఊగిసలాట పెరిగితే చిన్నమెదడు వైపు చూడాలి. ఈ మూడింటినీ తేల్చాల్సింది న్యూరాలజిస్టు. ఇవేవీ కాకుండా వయసుతో సన్నగిల్లిన నిలకడ మరొకటి ఉంది. సూదిలో దారం ఎక్కదు, చొక్కా గుండీ పట్టదు, సంతకం కుదరదు, కానీ జబ్బు పేరేమీ ఉండదు. సాధనతో ఎక్కువ ఫలితం కనిపించేది వీళ్లలోనే.

అదెందుకు సన్నగిల్లుతుందో తెలిస్తే ఏం చేయించాలో దానంతటదే తెలుస్తుంది. వెన్నుపాము నుంచి వచ్చే ఒక్కో నరకణం కొన్ని కండర తంతువులను నడిపిస్తుంది. ఆ జట్టును మోటార్ యూనిట్ అంటారు. వయసు మళ్లేకొద్దీ ఈ నరకణాలు కొన్ని పోతాయి, వాటి కింది తంతువులను పక్క నరాలు తమలో కలుపుకుంటాయి. జట్ల సంఖ్య తగ్గి, ఒక్కో జట్టు పెద్దదవుతుంది. చిల్లర లేక పెద్ద నోట్లతోనే లెక్క సరిపెట్టాల్సి వచ్చినట్టు, చిటికెడు బలం కావలసిన చోట గుప్పెడు బలం వచ్చి పడుతుంది. దానికి తోడు నరం సంకేతాలు పంపే వేగంలో హెచ్చుతగ్గులు పెరుగుతాయి, వేలి కొసల స్పర్శ తగ్గుతుంది. అందుకే పెద్దవాళ్ల చెయ్యి బరువైన బిందె ఎత్తేటప్పుడు కంటే తేలికైన సూది పట్టుకున్నప్పుడు ఎక్కువ తడబడుతుంది. స్ప్రింగు గ్రిప్పర్ కొని రోజూ కసిగా నొక్కితే పట్టు పెరగొచ్చు గానీ సూదిలో దారం ఎక్కదు. కావలసింది తక్కువ బలాన్ని ఒకే తీరున, నెమ్మదిగా వాడే అభ్యాసం.

మొదలుపెట్టే ముందు కొలతలు తీసుకోవాలి. పట్టు బలానికి హ్యాండ్ డైనమోమీటర్ వాడతాను, పిడికిలితో నొక్కితే బలం ఎన్ని కిలోలో చూపించే పరికరం. కుర్చీలో కూర్చోబెట్టి, పాదాలు నేలకు ఆనించి, పై చెయ్యి ఒంటికి తగిలేలా, మోచెయ్యి 90 డిగ్రీలు వంచి, హ్యాండిల్ రెండో గాడిలో పెట్టి, ఒక్కో చేత్తో మూడుసార్లు, మధ్యలో నిమిషం విరామం. మూడింటిలో ఎక్కువది రాసుకోవాలి. ఆసియా దేశాల సార్కోపీనియా (వయసుతో కండ తరిగిపోవడం) నిపుణుల బృందం 2019లో పెట్టిన హద్దు మగవాళ్లకు 28 కిలోలు, ఆడవాళ్లకు 18 కిలోలు. దానికంటే తగ్గితే కండ బలహీనమైనట్టు లెక్క. యూరప్ పట్టికలతో మనవాళ్లను పోల్చడం నాకు నచ్చదు. 17 దేశాల్లో సాగిన ప్యూర్ అధ్యయనంలో దక్షిణాసియా వాళ్ల పట్టు యూరప్, ఉత్తర అమెరికా వాళ్ల కంటే తక్కువగానే తేలింది. అదే అధ్యయనం 2015లో ఇంకో సంగతి చెప్పింది: పట్టు 5 కిలోలు తగ్గిన ప్రతిసారీ మరణాల ముప్పు 16 శాతం ఎక్కువగా కనిపించిందని. పట్టు అనేది ఒంటి మొత్తం ఆరోగ్యానికి గుర్తు, చేతికి మాత్రమే సంబంధించింది కాదు. బీపీ బాగా ఎక్కువగా ఉన్న రోజున, ఈమధ్యే కంటి ఆపరేషన్ అయినవాళ్లకు ఈ పరీక్ష వాయిదా వేస్తాను.

వేళ్ల నేర్పుకు తొమ్మిది రంధ్రాల పెగ్ బోర్డు. తొమ్మిది పుల్లలను ఒక్కొక్కటిగా రంధ్రాల్లో పెట్టి, మళ్లీ ఒక్కొక్కటిగా తీసి గిన్నెలో వేయాలి. మొదటి పుల్ల ముట్టుకున్నప్పటి నుంచి చివరిది గిన్నెలో పడేదాకా స్టాప్‌వాచ్. డెబ్బై దాటిన ఆరోగ్యవంతులకు 22 నుంచి 26 సెకన్లు పడుతుంది. బోర్డు జారితే సమయం అంతా తప్పే, అందుకని కింద రబ్బరు షీటు వేస్తాను. వడ్రంగి చేత చెక్కలో తొమ్మిది రంధ్రాలు వేయించుకుని ఇంట్లో వాడుకోవచ్చు. దాని లెక్కలు పట్టికలతో పోల్చడానికి పనికిరావు, మీ నిన్నటితో మీ నేటిని పోల్చుకోవడానికి బాగా పనికొస్తాయి.

నిలకడ మాత్రమే కొలవాలంటే సర్పిలాకారం గీయించడం కంటే తేలికైంది లేదు. తెల్ల కాగితం మీద మధ్యలోంచి మొదలుపెట్టి బయటికి నాలుగైదు చుట్లు, అరచెయ్యిగానీ మణికట్టుగానీ కాగితానికి ఆనకూడదు. కుడిచేత్తో ఒకటి, ఎడమచేత్తో ఒకటి. గీత మీద సమానంగా అలలు వస్తే వణుకు, చుట్లు ఒకదానికొకటి అతుక్కుని చిన్నవైపోతుంటే పార్కిన్‌సన్స్ అనుమానం. అదే కాగితం మీద తమ ఊరి పేరు నాలుగుసార్లు రాయిస్తాను. అక్షరం వరుస చివరికి వెళ్లేకొద్దీ చిక్కిపోతుందేమో చూడాలి. తేదీ, టైము, చివరి మందు ఎన్ని గంటలకు వేసుకున్నారు, కాఫీ ఎప్పుడు తాగారు, రాత్రి నిద్ర పట్టిందా అన్నవి మూల మీద రాయాలి. పార్కిన్‌సన్స్ మందు వేసుకున్న గంటకూ, ప్రభావం తగ్గాకా గీసిన రెండు కాగితాలు పక్కపక్కన పెడితే ఇద్దరు మనుషులు గీసినట్టుంటాయి. ఈ వివరాలు రాయని కాగితం పన్నెండు వారాల తర్వాత దేనికీ అక్కరకు రాదు.

కాళ్లకు రెండే. 30 సెకన్లలో చేతులు కట్టుకుని కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచి కూర్చోగలరు? 70 నుంచి 74 ఏళ్ల మగవాళ్లు 12 కంటే, ఆడవాళ్లు 10 కంటే తక్కువ చేస్తే పడిపోయే ముప్పు ఉన్నట్టు. కుర్చీ సుమారు 43 సెంటీమీటర్ల ఎత్తుండాలి, వెనక్కి గోడకు ఆనించాలి. మన ఇళ్లలోని ప్లాస్టిక్ కుర్చీ నున్నటి టైల్స్ మీద జారిందంటే నడుం విరుగుతుంది. రెండోది లేచి, 3 మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోవడం. 12 సెకన్లు, అంతకు మించితే జాగ్రత్త పడాలి. పడుకుని ఉన్నప్పుడు బీపీ చూసి, నిలబడ్డ మూడు నిమిషాల్లో మళ్లీ చూస్తాను. పై అంకె 20గానీ కింది అంకె 10గానీ తగ్గితే నిలబడి చేసే వ్యాయామాలు డాక్టరుతో మాట్లాడాకే.

మతి పరీక్ష దగ్గర కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే వణికే చేతివాళ్లకు ఇక్కడ అన్యాయం జరుగుతుంది. ఎక్కువగా వాడే మోకా పరీక్షకు 30 మార్కులు, 26 వస్తే మామూలు. 12 ఏళ్లు, అంతకంటే తక్కువ చదివినవాళ్లకు ఒక మార్కు కలుపుతారు. అందులో ఘనం బొమ్మ చూసి గీయడం, గడియారం గీయడం, అంకెలనూ అక్షరాలనూ గీతతో కలపడం ఉన్నాయి. చెయ్యి వణికి గీత వంకర పోయినంత మాత్రాన మతి పోయినట్టు కాదు. గడియారంలో అంకెలు సరైన చోట ఉన్నాయా, ముళ్లు సరైన టైము చూపిస్తున్నాయా అన్నదే చూడాలి, నునుపు చూడకూడదు. అయిదు మాటలు చదివి గుర్తుపెట్టుకోమన్నప్పుడు ముందు వాళ్ల చేత పైకి అనిపించి, సరిగ్గా వినపడ్డాయో లేదో చూసుకోవాలి. చెవి మందగించిన తాతగారికి "గుర్తులేదు" అని సున్నా వేస్తే ఆ తప్పు పరీక్ష పెట్టినవాళ్లది. కళ్లజోడు లేకుండా వస్తే పరీక్ష పెట్టను. బడి మెట్లెక్కని పెద్దమ్మలకు చదువు మీద ఆధారపడని రకం వాడాలి. తెలుగులోకి ఊరికే అనువదించి చదివేయడం కాకుండా, తెలుగువాళ్ల మీద సరిచూసిన పరీక్షలున్నాయి. భారత వైద్య పరిశోధన మండలి, ఐసీఎంఆర్, అయిదు భారతీయ భాషల్లో తయారుచేయించిన పరీక్షల కట్టలో తెలుగు ఒకటి. మనసు దిగులుగా ఉన్నా మార్కులు తగ్గుతాయి కాబట్టి దిగులు ప్రశ్నావళి కూడా జత చేస్తాను.

పరీక్షలన్నీ రెండు వేర్వేరు రోజుల్లో రెండుసార్లు చేయించి రెండోదాన్నే ఆరంభ కొలతగా తీసుకుంటాను. మొదటిసారి కంగారుతో, కొత్తతో తక్కువ వస్తుంది. ఆ తక్కువనే పట్టుకుంటే ఏమీ చేయకపోయినా తర్వాత "మెరుగు" కనిపిస్తుంది.

ఇక సాధన. చేతికి ఇరవై నిమిషాలు, వారానికి అయిదు రోజులు. నాకు అన్నిటికంటే ఎక్కువ నమ్మకం ఉన్న సామాను వంటింట్లో పిండి తూచుకునే డిజిటల్ కాటా. అయిదు కిలోల దాకా తూచేది, ఒక గ్రాము తేడా చూపించేది చాలు. కాటాను బల్ల మీద పెట్టి, ముంజేతిని చుట్టిన తువ్వాలు మీద ఆనించి, చూపుడువేలి కొసతో పళ్లెం మీద నొక్కి 200 గ్రాములు తేవాలి. తెచ్చి 15 సెకన్లు అక్కడే నిలపాలి. మొదటి రోజు అంకె 150కి జారి, 260కి ఎగిరి, గెంతుతూనే ఉంటుంది. 180కీ 220కీ మధ్య నిలపగలిగాక హద్దు 190, 210కి బిగించాలి. తర్వాత 100 గ్రాములు. బలం తగ్గించేకొద్దీ కష్టం పెరుగుతుంది, అక్కడే అసలు సాధన ఉంది. ఆ తర్వాత కళ్లు మూసుకుని నిలిపి, 15 సెకన్లకు కళ్లు తెరిచి అంకె ఎంత పక్కకు పోయిందో చూసుకోవాలి. ఒక్కో వేలితో అయిదుసార్లు, మధ్యలో అరనిమిషం విరామం. కొన్ని కాటాలు అంకెను నిలకడగా చూపించాలని చిన్న చిన్న కదలికలను దాచేస్తాయి, కొన్ని మధ్యలో ఆరిపోతాయి. కొనేముందు వేలితో నొక్కి చూసి, అంకె వెంటవెంటనే మారేదే తీసుకోవాలి.

రెండోది అరలీటరు నీళ్ల సీసా. ముంజెయ్యి బల్ల మీద, మణికట్టు బల్ల అంచు దాటి. 250 మిల్లీలీటర్ల నీళ్లతో మొదలు. నాలుగు లెక్కపెట్టేలోగా పైకి, నాలుగు లెక్కపెట్టేలోగా కిందికి, పదిసార్లు, రెండు విడతలు. అరచెయ్యి పైకి పెట్టి ఒక విడత, కిందికి పెట్టి ఒక విడత. సీసాలో నీళ్లు ఊగకుండా ఎత్తడమే లక్ష్యం, పారదర్శకంగా ఉండే సీసా అయితే నీటి అంచు అద్దంలా చూపించేస్తుంది. రెండు వరుస రోజుల్లో నీళ్లు ఊగకుండా చేయగలిగితే ఇంకో 100 మిల్లీలీటర్లు. దించేటప్పుడే తడబాటు ఎక్కువ ఉంటుంది కాబట్టి చాలామంది ధబాలున దించేస్తారు. దించడాన్నే నెమ్మదిగా చేయించాలి. గట్టిగా లెక్కపెట్టమనడం ఊపిరి బిగబట్టకుండా ఉండటానికి. బిగబడితే బీపీ ఎగురుతుంది, వణుకూ పెరుగుతుంది.

మూడోది వేళ్ల నేర్పు. చింతపిక్కలు బల్ల మీద పోసి, ఒక్కొక్కటి వేళ్లతో తీసి అరచేతిలోకి జరుపుకుంటూ అయిదు పోగేయాలి. తర్వాత అరచేతిలోంచి ఒక్కొక్కటే వేలికొసలకు తెచ్చి గిన్నెలో వేయాలి. తీయడం కంటే వెనక్కి తేవడం చాలా కష్టం. రెండు గోళీలు అరచేతిలో ఒకదాని చుట్టూ ఒకటి తిప్పడం కూడా ఇలాంటిదే. 2001లో వచ్చిన ఒక పరిశోధనలో పెద్దవాళ్ల చేత ఎనిమిది వారాలు రెండు లోహపు బంతులను ఇలా తిప్పిస్తే చేతి పనితనం, నిలకడ పెరిగాయి. ఇంట్లో మనుమలుంటే వామనగుంటలు ఆడమంటాను. రెండు వరుసల్లో ఏడేసి గుంటలు, గింజ తర్వాత గింజ పంచుకుంటూ పోవాలి, ఏ గుంటలో ఎన్ని ఉన్నాయో లెక్క పెట్టుకోవాలి. వేలికీ బుర్రకూ ఒకేసారి పని. అందరికీ విసుగు రాని వ్యాయామం ఇదొక్కటే అనిపిస్తుంది.

ముగ్గు గురించి ప్రత్యేకంగా. ఏడు చుక్కలు ఏడు వరుసలు పలక మీదో తెల్ల కాగితం మీదో పెట్టి, మొదట చూసి వేయాలి, తర్వాత చూడకుండా. చుక్కల మధ్య దూరం రెండు సెంటీమీటర్లతో మొదలుపెట్టి ఒకటికి తగ్గించాలి. మెలికల ముగ్గులో గీత చుక్కను తగలకుండా చుట్టి రావాలి కాబట్టి నిలకడకు అంతకంటే మంచి పరీక్ష లేదు. మోకాళ్ల నొప్పులున్న అమ్మలను నేల మీద గొంతుక్కూర్చోనివ్వను, బల్ల మీదే. మగవాళ్లు "మాకెందుకండీ ముగ్గులు" అంటారు. వాళ్లకు గ్రాఫ్ కాగితం ఇచ్చి అదే పని డిజైన్ అని ఇస్తే శ్రద్ధగా వేస్తారు.

చేతి సాధన ఒక్కటే అయితే మతికి దక్కేది తక్కువ. కాళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్కే పట్టుకుంటాను: 65 దాటినవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, కనీసం రెండు రోజులు కండబలానికి, మూడు రోజులు తూలకుండా నిలిచే అభ్యాసానికి. మధ్యస్థం అంటే నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అంత నడవలేనివాళ్లు పది నిమిషాల చొప్పున మూడు పూటలు. కుర్చీలోంచి లేవడం ఎనిమిదేసి రెండు విడతలు. వంటింటి గట్టు పట్టుకుని మడమలెత్తడం పన్నెండు. ఒక పాదం ముందు ఒక పాదం పెట్టి గట్టు పక్కనే 10 సెకన్లు నిలబడటం. మన ఎండాకాలంలో పొద్దున ఆరున్నర దాటాక బయట నడిపించను, ఇంట్లో హాలులోనే. షుగర్‌కు ఇన్సులిన్‌గానీ గ్లిమెపిరైడ్‌గానీ వాడేవాళ్లు ఖాళీ కడుపున బయలుదేరకూడదు. షుగర్ పడిపోయినప్పుడు వచ్చే వణుకును నరాల వణుకు అనుకుని కంగారు పడతారు. హవాయి చెప్పులతో నడక వద్దు, మడమ పట్టి ఉండే చెప్పులో బూట్లో కావాలి.

నాలుగో వారం నుంచి నడకకు ఒక లెక్క జోడిస్తాను. నడుస్తూ తెలుగు నెలలు ఫాల్గుణం నుంచి చైత్రానికి వెనక్కి చెప్పాలి, లేదా 100 నుంచి మూడు మూడు తీసేయాలి. మాట్లాడటానికి కొందరు నడక ఆపేస్తారు. అలా ఆగేవాళ్లు పడిపోయే అవకాశం ఎక్కువని 1997లోనే స్వీడన్ పరిశోధకులు చూపించారు. అలాంటివాళ్లకు ముందు తేలిక లెక్క, పక్కన ఒక మనిషి, రోడ్డు మీద మాత్రం అసలు వద్దు. కాటా సాధనలోనూ ఇలాగే, 200 గ్రాములు నిలుపుతూ వారాల పేర్లు వెనక్కి చెప్పిస్తే అంకె ఎంత చెదిరిపోతుందో చూసినవాళ్లకు చేతికీ ధ్యాసకూ ఉన్న ముడి వివరించక్కర్లేదు.

ఎక్కడ చెడుతుందంటే, ఎక్కువగా భుజం దగ్గర. వేళ్లతో సన్నపని చేస్తున్నప్పుడు భుజం చెవి దాకా లేచిపోతుంది, మెడ పట్టేస్తుంది, వణుకు ఇంకా పెరుగుతుంది. బల్ల ఎత్తు మోచెయ్యికి సరిపోకపోవడమే దీనికి కారణం, కుర్చీ మీద దిండు వేస్తే సగం సర్దుకుంటుంది. కీళ్లవాతం ఉన్న వేళ్లు మర్నాడు పొద్దున వాచి ఉంటే ముందురోజు మోతాదు ఎక్కువైనట్టు, సగానికి తగ్గించాలి. బొటనవేలి మొదలు నొప్పి ఉన్నవాళ్లకు చిటికెతో నొక్కే పనులు వద్దు. కాఫీ తాగిన వెంటనే సాధన చేసి "నిన్నటి కంటే పాడైంది" అని నిరుత్సాహపడటం, చుట్టాల ముందు చేసి చూపించబోయి చెయ్యి ఇంకా వణికి మానేయడం, ఈ రెండూ తరచూ జరుగుతాయి. ఎవరైనా చూస్తుంటే వణుకు పెరగడం సహజం, ఇంట్లోవాళ్లకు ఆ సంగతి ముందే చెప్పాలి. "నాన్నా, చెయ్యి వణకనీయకు" అని పక్కన నిలబడి అనే కొడుకు ఎంత ప్రేమతో అన్నా దానివల్ల చెడుపే.

పన్నెండు వారాలకు అదే గదిలో, అదే టైముకు, మందు వేసుకున్న అంతే వ్యవధిలో కొలతలు తిరిగి తీస్తాను. మోకాకు వేరే ప్రశ్నలున్న నమూనా వాడాలి, పాత మాటలు కొందరికి గుర్తుండిపోతాయి. సాధారణంగా ముందు మారేది కుర్చీ లెక్క. కాటా మీద ఊగిసలాట కూడా స్పష్టంగా తగ్గుతుంది. పెగ్ బోర్డు కొద్ది సెకన్లు తగ్గుతుంది. పట్టు బలం నెమ్మది. మతి మార్కుల్లో ఒకటి రెండు తేడా వస్తే దాన్ని పండగ చేసుకోకూడదు, అది రోజును బట్టి మారే పాటిదే.

వ్యాయామంతో మతిమరుపు పోతుందా అని ప్రతి కుటుంబమూ అడుగుతుంది. 2011లో అమెరికాలో 120 మంది పెద్దవాళ్లను సగం మంది చొప్పున ఏడాది పాటు నడిపించి, సాగదీయించి చూసినప్పుడు, నడిచినవాళ్లలో జ్ఞాపకానికి కీలకమైన హిపోకాంపస్ సుమారు 2 శాతం పెరిగింది, సాగదీసినవాళ్లలో తగ్గింది. అదొక్కటే చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం ఉండదు. 70 నుంచి 89 ఏళ్ల 1635 మందితో రెండేళ్లు చేసిన లైఫ్ అధ్యయనంలో వ్యాయామం చేసినవాళ్లకూ ఆరోగ్య పాఠాలు విన్నవాళ్లకూ మతి పరీక్షల్లో తేడా రాలేదు. బ్రిటన్‌లో డిమెన్షియా, అంటే మతి క్షీణించే జబ్బు, ఉన్న 494 మంది మీద 2018లో వచ్చిన ఫలితం ఇంకా కఠినం: ఒళ్లు గట్టిపడింది, మతి క్షీణత మాత్రం ఆగలేదు. ఫిన్లాండ్‌లో 1260 మందికి వ్యాయామం, తిండి, బుర్రకు పని, బీపీ షుగర్ అదుపు అన్నీ కలిపి రెండేళ్లు నడిపిన ఫింగర్ అధ్యయనంలో మేలు కనిపించింది. డిమెన్షియాకు మనం మార్చుకోగల కారణాలు 14 అని 2024లో లాన్సెట్ వైద్య పత్రిక నిపుణుల కమిషన్ లెక్క తేల్చింది. ఒళ్లు కదపకపోవడం వాటిలో ఒకటి మాత్రమే, వినికిడి లోపం, చూపు లోపం, బీపీ, చెడు కొలెస్టరాల్ కూడా ఆ జాబితాలోవే. కాబట్టి నేను కుటుంబాలకు చెప్పేది ఇది: ముందుగా మొదలుపెడితే ముప్పు తగ్గొచ్చు, వచ్చేసిన డిమెన్షియాను ఇది వెనక్కి తిప్పదు, పడిపోకుండా, తన గుండీ తాను పెట్టుకునేలా మాత్రం చాలామందిని నిలబెడుతుంది. వినికిడి యంత్రం కొనాల్సిన డబ్బుతో ట్రెడ్‌మిల్ కొనొద్దని కూడా చెబుతాను.

ఒక చెయ్యి ఉన్నట్టుండి పట్టు తప్పినా, మూతి వంకర పోయినా, మాట తడబడినా అది సాధన సంగతి కాదు. పక్షవాతంలో రక్తపు గడ్డను కరిగించే మందు మామూలుగా 4.5 గంటల లోపే ఇవ్వాలి, వెంటనే స్కానింగ్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఎంత సాధన చేసినా వణుకు తగ్గనివాళ్లుంటారు, ముఖ్యంగా ఎసెన్షియల్ ట్రెమర్ ఉన్నవాళ్లు. వాళ్లకు ప్రొప్రనలాల్, ప్రిమిడోన్ లాంటి మందులు డాక్టరు చూస్తారు. నా వంతు ఇంటి సర్దుబాట్లు. సన్నటి గ్లాసు తీసేసి అడుగు వెడల్పున్న బరువైన స్టీలు గ్లాసు, సగం వరకే నీళ్లు. మోచేతులు రెండూ బల్లకు ఆనించి, తల ముందుకు వంచి తాగడం. పళ్లెం కింద తడిగుడ్డ, అంచు లోతుగా ఉన్న కంచం, లావు పిడి చెంచా. చొక్కాకు గుండీల వెనక వెల్క్రో. పెన్ను చుట్టూ సైకిల్ ట్యూబు ముక్క చుడితే పట్టు లావవుతుంది.

సంతకం కలవక పింఛను ఆగిపోతుందేమోనన్న భయం చాలామందికి రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వదు. వేలిముద్ర పడకపోతే జీవన్ ప్రమాణ్ లైఫ్ సర్టిఫికెట్‌ను 2021 నుంచి ఫోనులో ముఖం చూపించి ఇవ్వవచ్చు. బ్యాంకులో ఇప్పటి చేతి తీరుతో కొత్త నమూనా సంతకం ఇచ్చి మార్పించుకోవచ్చు. అసలు సంతకమే పెట్టలేని స్థితి వస్తే బొటనవేలి ముద్రతో డబ్బు తీసుకునే వీలుంది. దానికి బ్యాంకుకు తెలిసిన ఇద్దరు సాక్షులు కావాలి, ఆ ఇద్దరిలో ఒకరు బ్యాంకులో బాధ్యత గల అధికారి అయి ఉండాలి.